పాత కాణీల పెట్టె: ఆస్తిలో రాసుకోవచ్చా?

ప్రశ్న: మా మామగారి ట్రంకుపెట్టెలో కిలోన్నర దాకా పాత కాణీలు (పావు అణా నాణేలు) దొరికాయి. ఈస్టిండియా కంపెనీ, 1818 అని ఉన్న రామపట్టాభిషేకం నాణేనికి పది లక్షలిస్తానని వాట్సాప్‌లో ఒకతను వెంటపడుతున్నాడు. ముందు రిజిస్ట్రేషన్‌కు 9 వేలు కట్టాలట. కట్టమంటారా? మిగతావి దాచితే మా పాప చదువుకు అక్కరకొస్తాయా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: పైసా కూడా కట్టకండి. ఈస్టిండియా కంపెనీ రామపట్టాభిషేకంతో రాగి నాణెం వేయనే లేదు. అవి పూజ కోసం చేసి అమ్మిన బిళ్లలు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు, లోగో వాడుకుని ఫీజులు, పన్నులు అడిగేవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. రేపు ఇంకొకడు వచ్చి అదే బిళ్లకు రైస్ పుల్లింగ్ శక్తి, అంటే బియ్యపు గింజల్ని లాక్కునే మహత్తు ఉందంటే నేరుగా పోలీసులకు చెప్పండి.

అసలు సరుకు ఆ కాణీలే. ముందు సంవత్సరం చూసి వేరుచేయండి. 1906కు ముందువి రాగివి, ఒక్కోటి దాదాపు ఆరున్నర గ్రాములు. ఆ ఏడాది నుంచి కంచువి వచ్చాయి. వెడల్పు అంతే, బరువు మాత్రం 4.86 గ్రాములు. మీ ఊళ్లో బంగారం కొట్టు త్రాసు చాలు, ఇట్టే తేలిపోతుంది. విక్టోరియా బొమ్మ పక్కన 'క్వీన్' అని ఉంటే 1876 లేదా అంతకు ముందుది, 'ఎంప్రెస్' ఉంటే ఆ తర్వాతిది. అయిదో జార్జి 1911 నాణెం దొరికితే పక్కన పెట్టండి. రాజు మెడలోని హారంలో ఏనుగు పందిలా ఉందని గొడవై, 1912లో బొమ్మ మార్చారు. అందుకే దానికి కాస్త గిరాకీ. చిల్లు కాణీలు 1943–47 మధ్యవి, యుద్ధకాలపు లోహం కరువులో పుట్టినవి.

దయచేసి చింతపండుతో తోమకండి. తళతళలాడే పాత కాణీని చూస్తే సేకర్తలు మొహం తిప్పుకుంటారు.

ఇక ధర. వీటిని కోట్లలో ముద్రించారు కాబట్టి అరిగిన మామూలు కాణీకి పదుల రూపాయలు వస్తే గొప్ప. కొనేవాడు దొరికేదాకా అది డబ్బు కాదు, వడ్డీ అసలే రాదు. అందుకే ఆస్తుల లెక్కలో దీన్ని సున్నాగానే రాస్తాను. అమెరికాలో చుట్టాలెవరైనా పట్టుకెళ్తామంటే మాత్రం వద్దనండి. నూరేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడం 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం.

పాపకు పదేళ్లు నిండలేదా? పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా 250 రూపాయలతోనే తెరుస్తారు. అతనికి కట్టబోయిన 9 వేలు అందులో వేయండి.