వాన బస్టాపుకు నడిచిందా?

ప్రశ్న: నేను బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. ఒక నమూనా పరీక్షలో ‘వాకింగ్ టు ద బస్ స్టాప్, ద రెయిన్ స్టార్టెడ్’ అన్న వాక్యం తప్పని ఇచ్చారు. అర్థం తెలుస్తూనే ఉంది కదా, తప్పెలా అవుతుంది? ‘ఓన్లీ’ని ఎక్కడ ఉంచాలన్నది కూడా నాకెప్పుడూ సందేహమే. దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీకు అర్థం తెలిసింది ఆ వాక్యం వల్ల కాదు, వాన నడవదన్న లోకజ్ఞానం వల్ల. ‘వాకింగ్’ వంటి అసమాపక క్రియతో మొదలైన పదబంధం తర్వాత కామా వస్తే, ఆ పని చేసినదెవరో ఇంగ్లీషు పాఠకుడు కామా పక్కనే ఉన్న కర్తలో వెతుక్కుంటాడు. ఇక్కడ ఆ చోట ‘ద రెయిన్’ ఉన్నందున నడుస్తున్నది వానే అయింది. పదబంధాన్ని చివరికి జరిపితే చాలదు సరికదా, ‘ద రెయిన్ స్టార్టెడ్ వాకింగ్ టు ద బస్ స్టాప్’ అని వాన నిజంగానే నడక మొదలుపెడుతుంది! ‘యాజ్ ఐ వాస్ వాకింగ్ టు ద బస్ స్టాప్, ద రెయిన్ స్టార్టెడ్’ అని నడిచినవారిని వాక్యంలోకి తేవాలి. లేదా ‘వాకింగ్ టు ద బస్ స్టాప్, ఐ గాట్ కాట్ ఇన్ ద రెయిన్’ అని కామా తర్వాతి కర్తను మార్చాలి.

ఆ తప్పు మన కంటికి ఆనకపోవడానికి కారణం తెలుగులో ఉంది. ‘బస్టాపుకు నడిచి వెళ్తుంటే వాన మొదలైంది’ అన్న మన వాక్యంలో నడిచినవారి ఊసే లేదు, అయినా అది నిర్దుష్టమే. ‘వెళ్తుంటే’ అన్న రూపం ఇద్దరు వేర్వేరు కర్తలకు చోటిస్తుంది. అదే ‘బస్టాపుకు నడిచి వెళ్తూ వాన మొదలైంది’ అంటే మన చెవికీ ఎబ్బెట్టుగానే ఉంటుంది. వాక్యారంభంలోని ఇంగ్లీషు ‘వాకింగ్’ మన ‘వెళ్తూ’కు సాటి, ‘వెళ్తుంటే’కు కాదు. పరీక్షలో సందేహం వచ్చినప్పుడు ఆ వాక్యాన్ని మనసులో ‘తూ’ రూపంతో చెప్పుకుని చూడండి, చాలా వాక్యాల గుట్టు అక్కడే బయటపడుతుంది.

అయితే ఇటువంటి ప్రతి వాక్యాన్నీ అనుమానించకండి. ‘కన్సిడరింగ్ హిజ్ ఏజ్, ద వర్క్ వాస్ గుడ్’ అన్నది సరైన వాక్యమే. ‘కన్సిడరింగ్’, ‘రిగార్డింగ్’, ‘జనరల్లీ స్పీకింగ్’ వంటివి వాడుకలో స్థిరపడి కర్తతో పని లేకుండా నిలబడ్డాయి. ‘ద రెయిన్స్ హావింగ్ ఫెయిల్డ్, ద ట్యాంక్ రాన్ డ్రై’ అన్నదీ ఒప్పే, ఎందుకంటే అందులో మొదటి పదబంధానికి తనదైన కర్త ఉంది.

తెలుగులో విశేషణం నామవాచకానికి ముందే వస్తుంది కాబట్టి ‘పేజీలు పోయిన ఫైలును గుమాస్తాకు తిప్పి పంపారు’ అన్నప్పుడు పేజీలు పోయినది ఫైలుకేనని తేలిపోతుంది. ఇంగ్లీషులో ‘ది ఆఫీసర్ రిటర్న్‌డ్ ద ఫైల్ టు ద క్లర్క్ విత్ మిస్సింగ్ పేజెస్’ అంటే ఆ లోపం గుమాస్తాకు అంటుకుంటుంది. ‘విత్ మిస్సింగ్ పేజెస్’ను ‘ఫైల్’ పక్కకు చేర్చాలి.

ఇక ‘ఓన్లీ’ సంగతి. మన ‘మాత్రమే’ తాను పట్టి చెప్పే మాటకు వెనుక వస్తుంది, రాతలో ‘ఓన్లీ’ని ఆ మాటకు సరిగ్గా ముందు పెట్టడం క్షేమం. మాటల్లో ‘ఐ ఓన్లీ సా హిమ్ ఎస్టర్డే’ అన్నా స్వరంలోని ఊనికే అర్థాన్ని తేల్చేస్తుంది కాబట్టి దాన్ని తప్పుపట్టడం చాదస్తమే. నోటీసు బోర్డుకు స్వరం లేదు. ఆసుపత్రి గోడ మీద ‘విజిటర్స్ మే ఓన్లీ మీట్ పేషెంట్స్ ఆన్ సండేస్’ అని ఉంటే, ఆదివారం నాడు కలవడం తప్ప ఇంకేమీ చేయకూడదని ఒకరు, రోగులను తప్ప ఇంకెవరినీ కలవకూడదని మరొకరు వాదించవచ్చు. ఆదివారం మాత్రమే రావాలన్నది ఉద్దేశమైతే ‘విజిటర్స్ మే మీట్ పేషెంట్స్ ఓన్లీ ఆన్ సండేస్’ అని రాయాలి. దరఖాస్తులు, నిబంధనలు రాసేటప్పుడూ ఇదే పద్ధతి పాటించండి.