అమ్మ కెమెరా ప్లగ్ పీకేస్తోందంటే

డాలస్ నుంచి ఒకాయన అడిగారు: రాజమండ్రిలో నాన్నగారు పక్షవాతంతో మంచంలో ఉన్నారు, చూసుకునేది 69 ఏళ్ళ అమ్మ ఒక్కరే, వైఫై కెమెరా, నాన్న చేతికి వాచ్, మందుల యాప్ అన్నీ పెట్టిస్తే అమ్మ కెమెరా ప్లగ్ పీకేస్తోంది, పీకకుండా ఏదన్నా లాక్ ఉందా అని. ఇలాంటి మెయిల్స్ ఎన్నో వస్తున్నాయి, అన్నీ పిల్లల నుంచే.

లాక్ గురించి నేను చెప్పనండీ. నాన్నగారికి ఒళ్ళు తుడిచేది, డైపర్ మార్చేది ఆ గదిలోనే, ఆవిడ కాసేపు నడుం వాల్చేదీ అక్కడే. ముందు ఆవిడని అడిగి కెమెరా ఎటు తిప్పాలో తేల్చుకోండి.

వాచ్ చేతికి వదులైనా అలర్ట్ కొడుతుంది, అర్ధరాత్రి లేచి కళ్ళజోడు వెతుక్కుని ఆ ఇంగ్లీషు ముక్క చదవాల్సింది ఎవరు? ఇక్కడ రాత్రి 2 అయితే వేసవిలో మీకు మధ్యాహ్నం 3:30, కాబట్టి రాత్రి అలర్ట్‌లు మీ ఫోన్‌కే పెట్టుకోండి, నిజంగా అవసరమైతే మామూలు కాల్ చేసి లేపండి.

నా అసలు భయం వేరే. దూరం నుంచి అమ్మ ఫోన్ సరిచేయడానికి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించానని రాశారు, అది ఇంకా అందులోనే ఉంది కదా? అదే ఫోన్‌లో యూపీఐ, పెన్షన్ పడే బ్యాంక్ యాప్, ఓటీపీలు. ఫోన్లో అడిగితే కోడ్ చదివి చెప్పడం ఆవిడకి మీరే అలవాటు చేశారు, రేపు నవంబర్‌లో ఎవడో "అమ్మా, సార్ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, పెన్షన్ ఆగిపోద్ది" అంటే వాడికీ అలాగే చెప్పేస్తారు. ఈ రోజే ఆ యాప్ తీసేయించండి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ పర్మిషన్ (స్క్రీన్ మీదున్నది చదివి, మన బదులు నొక్కే అనుమతి) ఇంకే యాప్‌కి ఉందో చూడండి, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) ముట్టుకోవద్దని చెప్పండి. లైఫ్ సర్టిఫికెట్‌కి ఎవడి ఫోన్ కాలూ అక్కర్లేదు, పెన్షనర్ బతికే ఉన్నారని ఆన్‌లైన్‌లో చూపించే ప్రభుత్వ సేవ జీవన్ ప్రమాణ్ 2014 నుంచీ ఉంది, ఇప్పుడు నాన్నగారి ముఖం ఫోన్ కెమెరాకి చూపిస్తే మంచం మీదే అయిపోతుంది. డబ్బు పోతే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాలి. కెమెరాకి అందరూ ఒకే లాగిన్ వాడుతున్నారా, మానేసిన అటెండర్‌కి కూడా ఆ పాస్‌వర్డ్ తెలుసు, మార్చండి.

ఈ యాప్‌లు చేసేవాళ్ళ మీద నాకు కోపం ఎందుకంటే, పేషెంట్‌కి ప్రొఫైల్ ఉంటుంది, విదేశంలో ఉన్న కొడుక్కి డాష్‌బోర్డ్ ఉంటుంది, ఆ మనిషిని రెక్క పట్టుకుని లేపే పెద్దావిడకి మాత్రం "ఈ రాత్రి నా వల్ల కాదు, ఎవరన్నా రండి" అని నొక్కే బటన్ ఒక్కటీ పెట్టరు.