"భాద్యత" అని రాసేవాళ్ళందరూ దొంగలు కారు

ప్రశ్న: లైన్ ఆఫ్ డ్యూటీ అనే బ్రిటిష్ పోలీసు సీరియల్‌లో "హెచ్" అనే అజ్ఞాత దొంగ ఎవరో మీరు ముందే ఊహించారా? ఇలాంటి సీరియల్స్ మీద అభిమానులు అల్లే సిద్ధాంతాలకు విలువ ఉందా? ముగింపు తుస్సుమందని అందరూ అంటున్నారు, నిజమేనా?

నేను ఊహించలేదు. 2019 నుంచి 2021 మే 2వ తేదీ రాత్రి దాకా నా దృష్టిలో దోషి అందులోని పోలీసు అధికారి టెడ్ హేస్టింగ్సే. ముగింపు మాత్రం తుస్సుమనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే సీరియల్ కథతో పాటు నా కథ కూడా కొంత చెప్పాలి. ఇంకా చూడనివారు ఇక్కడే ఆగిపోండి, కింద అంతా బయటపెట్టేస్తున్నాను.

మేము ఉండేది బర్మింగ్‌హామ్‌లో. ఈ సీరియల్ మొదటి సిరీస్ 2012లో వచ్చింది, దాని చిత్రీకరణ ఈ ఊళ్ళోనే జరిగింది. తరువాతివి బెల్‌ఫాస్ట్‌లో తీశారు. పోలీసుల్లో లంచగొండులను పట్టుకునే ఏసీ-12 అనే విభాగం కథ ఇది. ఆ విభాగానికి పెద్ద హేస్టింగ్స్. మూడో సిరీస్ చివర, 2016లో, డాట్ కాటన్ అనే అవినీతి పోలీసు చనిపోతూ చెప్పిన మరణ వాంగ్మూలాన్ని ఏసీ-12లో పనిచేసే కేట్ ఫ్లెమింగ్ వీడియో తీస్తుంది. పైనున్న అసలు మనిషి పేరు "హెచ్"తో మొదలవుతుందని అందులోంచి అర్థం తీశారు. అంతే, దేశమంతా డిటెక్టివులైపోయారు. ఎవరి పేరు హెచ్‌తో మొదలైతే వాళ్ళే దొంగలు. హిల్టన్ అనే పై అధికారి అన్నారు, హేస్టింగ్స్ అన్నారు. అయిదో సిరీస్ చివర ఆ వీడియోనే మళ్ళీ చూస్తే, డాట్ చేతి వేళ్ళు నాలుగుసార్లు కదిలాయని తేలింది. పాత టెలిగ్రాఫు వాళ్ళ మోర్స్ సంకేతాల్లో నాలుగు చుక్కలంటే హెచ్. అంటే ఒక్క మనిషి కాదు, నలుగురు. ముగ్గురు తెలిసిపోయారు, నాలుగోవాడు ఎవరు?

నా అనుమానం హేస్టింగ్స్ మీద బలపడడానికి కారణం ఒక అక్షరదోషం. నేరగాళ్ళ ముఠాతో కంప్యూటర్‌లో రహస్యంగా మాట్లాడే ఆ అజ్ఞాత వ్యక్తి, "డెఫినిట్లీ" అనే ఇంగ్లీషు మాటలో రెండో "ఐ" ఉండవలసిన చోట "ఏ" పెడతాడు. అయిదో సిరీస్‌లో హేస్టింగ్స్ కూడా అదే తప్పు టైపు చేస్తాడు. అది చూడగానే సోఫాలోంచి లేచి నిలబడ్డాను. "దొరికాడు" అన్నాను. మా వారు వద్దన్నా వినకుండా ఆఫీసులో స్నేహితులందరికీ సందేశాలు పెట్టాను. రెండేళ్ళపాటు ఎవరు కాదన్నా వాదించాను. హోటల్ గదిలో కవరులో డబ్బు, చేతిలో అప్పులు, పేరులో హెచ్, వేళ్ళ కింద ఆ తప్పు. ఇంకేం కావాలి?

అంత గట్టిగా నమ్మడానికి నాకు హక్కు ఉందనుకున్నాను, ఎందుకంటే ఒకప్పుడు అక్షరదోషాలు పట్టుకోవడమే నా వృత్తి. పెళ్ళికి ముందు గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరుగా చేశాను.

ఆ స్కూలుకు ఒకసారి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. నిజానికి వచ్చింది విద్యాశాఖ కార్యాలయానికి. అక్కడినుంచి మా కరస్పాండెంటు గారి చేతికి చేరింది. పదో తరగతి పిల్లల దగ్గర పరీక్ష ఫీజు పేరుతో ఎక్కువ డబ్బు వసూలు చేస్తున్నారని ఫిర్యాదు. రూళ్ళ కాగితం మీద రెండు పేజీలు, నీలం ఇంకు, అక్షరాలు కావాలని వంకరగా రాసినట్టు ఉన్నాయి. కరస్పాండెంటు గారు నన్ను లీజరు పీరియడులో పిలిపించి, "మేడం, మీకు అందరి రాతలూ తెలుసు కదా, ఇది ఎవరిదో చూడండి" అన్నారు. ఆ మాటకు నాకు ఎంత గర్వం కలిగిందో ఇప్పటికీ గుర్తుంది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు.

రెండో పేజీ మధ్యలో ఉంది: "పిల్లల పట్ల యాజమాన్యానికి ఏ భాద్యతా లేదు."

బాధ్యతలో మొదటిది మామూలు "బ", రెండోది ఒత్తు "ధ". రాసినవాళ్ళు ఆ ఒత్తును తీసుకెళ్ళి మొదటి అక్షరానికి తగిలించారు. ఆ తప్పును నేను అంతకుముందే ఎక్కడో చూశాను. కాగితం పట్టుకుని నేరుగా ల్యాబు దగ్గరికి వెళ్ళాను. తలుపు మీద సైన్సు మాస్టారు తన చేత్తో రాసి అంటించిన చార్టు ఉంది. ఎర్ర స్కెచ్ పెన్నుతో, కింద రెండు గీతలు కొట్టి మరీ రాశారు: "పగిలిన సామగ్రికి విద్యార్థులదే భాద్యత." ఉత్తరాన్ని ఆ చార్టు పక్కన పెట్టి చూశాను. తిరిగి వచ్చి కరస్పాండెంటు గారితో ఆయన పేరు చెప్పాను.

ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. ముందు ఆయన దగ్గర నుంచి పదో తరగతి తీసేశారు. తరువాత స్టాఫ్ రూములో ఆయన వస్తే మాటలు ఆగిపోయేవి. ఆ వేసవిలో, వచ్చే ఏడాది అవసరం లేదని కబురు పంపారు. అప్పటికి ఆయనకు ఇద్దరు కూతుళ్ళు, చిన్నది ఆరో తరగతి. పక్క ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకుని బతికారు.

మరుసటి ఏడాది క్వార్టర్లీ పరీక్షల్లో "పౌరుల బాధ్యతలు" అని వ్యాసం ఇచ్చాను. దిద్దడానికి కూర్చుంటే మొదటి పేపరులో "భాద్యత". రెండోది సరిగ్గానే ఉంది. మూడోది "భాద్యత". ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతూ చుడుతూ చేయి ఆగిపోయింది. నలభై ఒక్క పేపర్లలో పదిహేడింటిలో అదే తప్పు. సాయంత్రం ఇంటికి వెళుతూ బస్టాండులో సైకిల్ స్టాండు బోర్డు చూశాను: "మీ వస్తువులకు మీదే భాద్యత." రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్ళేదాన్ని.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ తప్పు ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. ఎవరైనా పోతే వాట్సాప్ గ్రూపులో "చాలా భాదగా ఉంది" అని నలభై మంది పెడతారు. ఫ్లెక్సీల మీద, టీవీ ఛానెళ్ళ స్క్రోలింగుల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో కూడా అదే. ఒత్తులు నేర్పని మనం, ఒత్తులు తప్పినందుకు ఒక మనిషి జీవనాధారం పోగొట్టాం. ఇంగ్లీషువాళ్ళకు "డెఫినిట్లీ" అచ్చం మన "బాధ్యత" లాంటిది. మా ఆఫీసులో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా అలాగే తప్పు రాస్తారు, నా కళ్ళతో ఎన్నోసార్లు చూశాను. దాన్ని వేలిముద్రలా వాడడం ఆ సీరియల్లో అన్నిటికన్నా బలహీనమైన సంగతి. రచయిత జెడ్ మెర్క్యూరియోను ఎంత మెచ్చుకున్నా ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను.

అయినా ముగింపు సరైనదే అంటాను. ఆరో సిరీస్ ఏడో ఎపిసోడ్‌లో, ఏసీ-12 వాళ్ళ అద్దాల విచారణ గదిలోకి ఆ నాలుగోవాడిని తీసుకొస్తారు. ఇయాన్ బకెల్స్. మొదటి సిరీస్ నుంచీ కనిపిస్తున్న మనిషి. పని చేతకాదని పేరు, బద్ధకం, అయినా ప్రమోషన్లు వస్తూనే ఉన్నాయి. ఆ సిరీస్ మధ్యలోనే అరెస్టయ్యాడు కూడా, అయినా వాడిని ఎవరో ఇరికించారులే అని మనమే వదిలేశాం. ఆ ఎపిసోడ్‌ను సగటున 1 కోటి 28 లక్షల మంది చూశారు. మర్నాడు అందులో సగం మంది తమను మోసం చేశారన్నట్టు మాట్లాడారు. ఇంత తెలివితక్కువవాడా మన విలన్ అని వాళ్ళ కోపం. వాళ్ళకు సింహాసనం మీద కూర్చున్న రావణాసురుడు కావాలి. డబ్బు కోసం పైనుంచి వచ్చిన ఆదేశాలను కిందికి చేరవేసే గుమాస్తా లాంటివాడు వాళ్ళకు ఆనలేదు.

నాకు మాత్రం సరిపోయాడు, ఎందుకంటే నేను అలాంటివాడిని చూశాను. మా స్కూలు అకౌంటెంటు. కూడికలు కూడా రావని పిల్లలు సైతం నవ్వుకునేవారు. సైన్సు మాస్టారు వెళ్ళిపోయిన రెండేళ్ళకు లెక్కలు తిరగేస్తే, రసీదు పుస్తకాల్లో మధ్య పేజీలు లేవు. ఆ ఎక్కువ ఫీజు వసూలు చేసింది ఆయనే. చేతివాటం బయటపడే రోజు దగ్గరపడిందని, నింద యాజమాన్యం మీదికి నెట్టడానికి ఉత్తరం రాసిందీ ఆయనే. అడిగితే ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరంలో మూడు రసీదుల నంబర్లు ఉన్నాయి. ఆ పుస్తకాలు ఉండేది ఆయన సొరుగులో, తాళం ఉండేది ఆయన మొలలో. ఆ నంబర్లు నేనూ చదివాను. చదివి, వాటిలో ఒత్తులు లేవు కాబట్టి, దాటి వెళ్ళిపోయాను.

అభిమానుల సిద్ధాంతాలతో నా ఇబ్బంది అంతా ఇదే. మనం వెతికేది దొంగను కాదు, దొంగగా ఎవరైతే కథ రక్తి కడుతుందో వాళ్ళను. హేస్టింగ్స్ అయితే రక్తి కడుతుంది, చీఫ్ కానిస్టేబుల్ ఆస్బోర్న్ అయితే రక్తి కడుతుంది. ఎవరి చేతిలో ఏ తాళం ఉంది, ఎవరు ఎవరిని ఏ పోస్టులో వేశారు అని చూస్తే చప్పగా ఉంటుంది. నిజంగా పోలీసు శాఖలు కుళ్ళేది కూడా అలా చప్పగానే. 1987లో లండన్‌లో డానియల్ మోర్గన్ అనే ప్రైవేటు డిటెక్టివును ఒక పబ్బు కారు పార్కింగులో గొడ్డలితో చంపారు. ఈనాటికీ ఎవరికీ శిక్ష పడలేదు. దాని మీద వేసిన స్వతంత్ర ప్యానెల్ నివేదిక 2021 జూన్‌లో వచ్చింది, ఆరో సిరీస్ ముగిసిన ఆరు వారాలకు. తన పరువు కాపాడుకోవడానికి తప్పులను కప్పిపుచ్చిన లండన్ పోలీసు శాఖది సంస్థాగత అవినీతి అన్నారు. అందులో ఒక్క "హెచ్" లేడు. అది చదివాక కూడా బకెల్స్ మీద కోపం తగ్గనివారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఆ సీరియల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి విచారణ సన్నివేశాలు. ఒకే గది, ఒకే బల్ల. రికార్డింగు మొదలయ్యేటప్పుడు చెవులు చిల్లులు పడేలా ఆ పొడుగాటి కూత. విచారించేవాళ్ళు తనకన్నా కనీసం ఒక ర్యాంకు పై అధికారి అయి ఉండాలని అడిగే హక్కు నిందితుడికి ఉంటుంది. ప్రతి ఆరోపణకూ ఒక కాగితం ఉంటుంది, ఆ కాగితం అతని ముందున్న ఫైల్లోనూ ఉంటుంది. "ఫలానా నంబరు పత్రం చూడండి" అంటారు. అతను పేజీ తిప్పి చూసి జవాబు చెబుతాడు. అరగంట సేపు మాటలే అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం.

ముగింపు వచ్చిన రాత్రి టీవీ కట్టేసేసరికి పది దాటింది. ఇండియాలో తెల్లవారుజాము రెండున్నర. పొద్దు పొడిచేదాకా ఆగి, పాత సహోద్యోగి ఒకామె దగ్గర నంబరు తీసుకుని సైన్సు మాస్టారికి ఫోను చేశాను. అవి కోవిడ్ రెండో దశ రోజులు. విదేశాల నుంచి ఫోను వస్తే ముందు గుండె ఆగేది. "ఏమ్మా, అందరూ క్షేమమేనా?" అన్నారు ఎత్తగానే. క్షేమమేనని చెప్పి, ఇన్నేళ్ళూ చెప్పనిది చెప్పాను. ఆయన పేరు చెప్పింది నేనని, ల్యాబు తలుపు మీది చార్టు చూసి చెప్పానని, తప్పు నాదని. అవతల చాలాసేపు నిశ్శబ్దం. లైను తెగిందేమో అనుకుని "మాస్టారూ" అని పిలిచాను.

"ఉన్నానమ్మా" అన్నారు. తరువాత అడిగారు: "ఇంతకీ ఆ ఉత్తరంలో ఏమి రాసి ఉంది? నాకు ఎవరూ చూపించలేదు."