సర్ఫింగ్ హుడ్ మెడ దగ్గర నొక్కేస్తోంది, పైగా నీళ్లు దిగుతున్నాయి. పెద్ద సైజు తీసుకోవాలా?

ప్రశ్న: న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. నవంబరు నుంచి బెల్మార్ బీచ్‌లో సర్ఫింగ్‌కి వెళ్తున్నాను. 5/4 సూటు (ఒంటి మీద 5, కాళ్లూచేతుల మీద 4 ఎంఎం మందం), ముందు జిప్పుది. హుడ్ (తలకీ మెడకీ వేసుకునే రబ్బరు తొడుగు) విడిగా కొన్నది, 3 ఎంఎం. పెట్టుకుంటే గొంతు నొక్కినట్టుంటుంది, తల తిప్పడం కష్టం. ఇంత బిగుతుగా ఉన్నా డక్ డైవ్ (ఎదురొచ్చే అల కిందికి బోర్డుతో సహా మునగడం) చేసిన ప్రతిసారీ వీపులోకి చల్లనీళ్లు దిగుతాయి. పెద్ద సైజు తీసుకోవాలా, హుడ్ మానేయాలా?

జవాబు: రెండూ వద్దు. మీరు చెప్పిన రెండు బాధలకీ కారణం ఒకటే అయ్యుంటుంది. హుడ్ కింద వెడల్పుగా పరుచుకునే అంచు ఉంటుంది కదా, దాన్ని బిబ్ అంటారు. అది సూటు కాలరు లోపల మడతలు పడి ఉంటుంది. మడతపడ్డ చోట 3 ఎంఎం రబ్బరు 6 అవుతుంది, రెండు మడతలైతే 9. దానిపైన సూటు కాలరు. గొంతు నొక్కేది అదే. మడతకీ మడతకీ మధ్య మిగిలే సందు కాలువలా పనిచేస్తుంది, నీళ్లు దిగేది అందులోంచే. అందుకే ఎంత బిగుతుగా ఉన్నా కారుతుంది. పెద్ద సైజు కొంటే మడతలు ఇంకా పెరుగుతాయి.

ముందు జిప్పు సూట్లలో ఈ తంటా ఎక్కువ. హుడ్ పెట్టుకుని, దాని మీదుగా సూటు మెడభాగాన్ని తలకి దూర్చి కిందికి లాగుతాం. రబ్బరుకి రబ్బరు పట్టుకుని సూటు మెడతో పాటు బిబ్ కూడా కిందికి ఈడ్చుకుపోతుంది, కాలరు కింద చుట్టలు చుట్టుకుంటుంది. అద్దంలో చూస్తే బయటికి ఏమీ కనబడదు.

వేసుకునే వరస ఇలా పెట్టుకోండి. సూటు కాళ్లు, చేతులు ఎక్కించి భుజాల దాకా తెచ్చుకోండి, మెడభాగం మాత్రం తలకి దూర్చకండి. బూట్లు అప్పటికే వేసుకుని ఉండాలి, గ్లవ్స్ మాత్రం అన్నిటికంటే ఆఖరు. వాటితో హుడ్ సర్దడం అయ్యే పని కాదు. హుడ్‌ని లోపలా బయటా కాస్త తడపండి. బిబ్‌ని సగం దాకా పైకి మడిచి, నుదుటి దగ్గర మొదలుపెట్టి వెనక్కి, ఆ తర్వాత గడ్డం కిందికి లాగండి. గోళ్లతో పట్టుకోవద్దు, వేళ్ల మెత్తటి భాగంతోనే. నియోప్రీన్ (సూటు, హుడ్ చేసే రబ్బరు) మీద గోరు దిగితే అర్ధచంద్రాకారంలో గాటు పడుతుంది, వాడేకొద్దీ అది చిరుగు అవుతుంది. ఇప్పుడు మడత దించి బిబ్‌ని ఒంటికి ఆనించి భుజాల మీద, ఛాతీ మీద, వీపు మీద సాపుగా పరవండి. కింద టీషర్టు గానీ రాష్‌గార్డ్ (ఒరుపు తగలకుండా వేసుకునే పల్చటి బనీను) గానీ ఉంటే దాని కాలరు మీదకి బిబ్ ఎక్కకూడదు, బట్ట నీళ్లని వత్తిలా లోపలికి పీలుస్తుంది.

సూటు మెడని తలకి దూర్చాక జిప్పు వేసేయకండి. అసలు పని ఇక్కడే ఉంది. ఎడమచేతి రెండు వేళ్లు కాలరు లోపలికి పెట్టి సూటుని మెడ నుంచి కొంచెం ఎడంగా లాగి పట్టుకోండి. కుడిచేతి వేళ్లతో బిబ్‌ని కిందికి నిమురుతూ చెవి కింద నుంచి మెడ వెనకకి, అక్కడి నుంచి రెండో చెవి దాకా రండి. వేలికి గట్టు తగిలిన చోట మడత ఉన్నట్టు. తర్వాత నడినెత్తి దగ్గర హుడ్‌ని చిటికెతో పట్టుకుని ఒక సెంటీమీటరు పైకి లాగండి, మిగిలిన వదులు పోతుంది. అప్పుడు జిప్పు. దీనికంతా నిమిషం కూడా పట్టదు. పార్కింగ్‌లో చలికి వణుకుతూ ఈ నిమిషం వదిలేస్తే నీళ్లలో గంటసేపు దాని ఖరీదు కట్టుకోవాలి.

వెనక జిప్పు సూటైతే ఇంత తిప్పలు లేవు, మెడ తెరిచే ఉంటుంది కాబట్టి బిబ్ పరిచి జిప్పు వేయించుకోవడమే. ఒక్కటే జాగ్రత్త: కాలరు దగ్గరి వెల్క్రో గరుకు వైపు హుడ్ బట్టకి గానీ చర్మానికి గానీ తగలకూడదు. బట్టని పీకి పోగులు చేస్తుంది, మెడని గీరుతుంది.

ఇక సైజు సంగతి. కనుబొమలకి కాస్త పైన తల చుట్టుకొలత, కంఠం దగ్గర మెడ చుట్టుకొలత రెండూ తీసుకుని కంపెనీ సైజు పట్టీతో పోల్చండి. ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎస్ అవుతుంది, అక్షరాన్ని నమ్మొద్దు. సరైన హుడ్ ముఖపు అంచు పైన కనుబొమలకి కొంచెం పైన, పక్కల చెంప ఎముక చివర, కింద పెదవి కింది గుంటకీ గడ్డానికీ మధ్య కూర్చోవాలి. గడ్డం కింద ఒక వేలు కాస్త బలవంతంగా దూరితే చాలు. నడినెత్తి మీద చిటికెడు కంటే ఎక్కువ రబ్బరు వదులుగా అందితే అది మీకు పెద్దదే.

దుకాణంలో చాలామంది అద్దం ముందు నిలబడి చూసుకుంటారు. సర్ఫింగ్‌లో నిలబడేది ఎంతసేపు? ఎక్కువ కాలం బోర్లా పడుకుని, తల వెనక్కి ఎత్తి చేతులతో నీళ్లు తోస్తూ ప్యాడిల్ చేస్తుంటాం. ఆ భంగిమలో మెడ వెనక రబ్బరు ముడుచుకుంటుంది, ముందు గొంతు మీద సాగి బిగుస్తుంది. కాబట్టి హుడ్, సూటు రెండూ వేసుకుని నేల మీద బోర్లా పడుకోండి. తల ఎత్తి, రెండు భుజాల మీదుగా వెనక్కి చూడండి, గుటక వేయండి, నోరు పూర్తిగా తెరవండి. మూడు నిమిషాలు అలా ఉండగలిగితే నీళ్లలోనూ ఉండగలరు. డైవింగ్ హుడ్‌లు ఈ పరీక్షలో తరచూ తప్పుతాయి. అవి ఎక్కువగా 5, 7 ఎంఎం మందంతో, లోతులో ఒత్తిడికి రబ్బరు అణిగినా వెచ్చదనం ఉండేలా చేసినవి. సర్ఫింగ్‌కి మెడ వంగాలి, 2 నుంచి 3 ఎంఎం సాగే రకం చాలు.

కొత్త హుడ్ కొన్ని వాడకాలకి కొంచెం వదులవుతుంది కానీ ఒక సైజు మారేంత కాదు. మెడ బిగుతు వల్ల తల తిరగడం, కళ్లు చీకట్లు కమ్మడం ఉంటే ‘అలవాటవుతుందిలే’ అనుకోవద్దు. మెడకి రెండు వైపులా రక్తనాళాల్లో ఒత్తిడిని పసిగట్టే చోటు ఉంటుంది. దాన్ని నొక్కితే గుండె వేగం తగ్గి, రక్తపోటు పడిపోతుంది. నీళ్లలో అది ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే గడ్డం కింద వేలు పెట్టి హుడ్‌ని లాగి వదులు చేసి ఒడ్డుకి వచ్చేయండి. ఆ హుడ్ మార్చాల్సిందే.

మడతలన్నీ తీసినా ముఖపు అంచు గొంతు మీద కోస్తుంటే కత్తిరించవచ్చు, కుట్టు లేని కోసిన అంచు అయితేనే. పదునైన కత్తెరతో గడ్డం కింద నెలవంకలా 3 ఎంఎం తీసి, పెట్టుకు చూసి, కావాలంటే ఇంకో 3. అతుకు మీదుగా కోయాల్సి వస్తే అక్కడ నియోప్రీన్ జిగురు చుక్క వేయండి, లేకపోతే దారం విడిపోతుంది. అంచు మడిచి కుట్టినదైతే కత్తెర జోలికి పోవద్దు.

డక్ డైవ్ చేసి పైకొచ్చాక నెత్తి మీద గాలి బుడగలా ఉబ్బితే కాల్చిన సూదితో నడినెత్తి దగ్గర రెండు చిల్లులు పెట్టండి, గాలి పోతుంది. అంతకంటే పెద్దవి వద్దు.

ఇప్పుడు చెవులు. హుడ్ చెవికి గట్టిగా అతుక్కుంటే లోపలి గాలి చిక్కుకుని, నీళ్లలో మునిగినప్పుడు పీల్చినట్టు, లాగినట్టు ఉంటుంది. లోపలికి వెళ్లే ముందే నడుంలోతు నీళ్లలో రెండు చెవుల దగ్గరా వేలితో హుడ్ ఎత్తి కొంచెం నీళ్లు పోనివ్వండి, అవి అక్కడే ఉండి వెచ్చబడతాయి. రెండు వైపులా సమానంగా పోనివ్వాలి. ఒక చెవిలోకే చల్లనీళ్లు పోతే లోపలి చెవిలో ద్రవం ఒక వైపే కదిలి కాసేపు లోకం గిర్రున తిరుగుతుంది, పైకేదో కిందేదో తెలియదు. ఏళ్ల తరబడి చల్లనీళ్లు, గాలి తగిలితే చెవి నాళంలో ఎముక పెరిగి దారి ఇరుకవుతుంది. దాన్ని సర్ఫర్స్ ఇయర్ అంటారు, ముదిరితే ఆపరేషనే. హుడ్ ఉన్నా లోపల ఇయర్‌ప్లగ్ పెట్టుకోవడం మంచిదంటాను. సర్ఫింగ్ కోసం చేసిన, చప్పుడు వినిపించే రకమే తీసుకోండి, నిద్రకి వాడే స్పాంజివి కాదు. ఎలా పెట్టుకున్నా వినికిడి తగ్గుతుంది. అలకోసం తిరిగే ముందు పక్కవాళ్లు అరుస్తారులే అనుకోకుండా రెండు వైపులా తలతిప్పి చూడాలి.

జుట్టు విషయంలో మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. తలకి కొబ్బరినూనె పెట్టుకుని హుడ్ ఎక్కిస్తే అది జారి వెనక్కి పోతుంది, లోపలి బట్ట నూనె పీల్చి వారంలో ముక్కిన వాసన వేస్తుంది. ముందురోజు తలంటుకోండి. పొడుగు జుట్టుంటే నెత్తి మీద ముడి వద్దు, ముడి ఎంత ఎత్తుంటే హుడ్ అంత లేచి మెడ దగ్గర సందు పడుతుంది. వదులుగా జడ అల్లి మెడ వెనక నుంచి బిబ్ కిందికి, వీపు మీదికి వదలండి. బుట్టకమ్మలు, ముక్కుపుడక తీసి కారులో పెట్టండి. హుడ్ తీసేటప్పుడు తట్టుకునేది అవే. గడ్డం పెంచినవాళ్లకి ముఖపు అంచు దగ్గర కాస్త నీళ్లు రావడం తప్పదు. ఆ ఉదయమే షేవ్ చేసుకున్నవాళ్లకి మాత్రం ఒరుపు ఎక్కువ, ముందురోజు రాత్రి చేసుకోవడం నయం. ఒరిసే చోట లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం) గానీ పరుగు పందేలవాళ్లు వాడే బామ్ గానీ రాయండి. పెట్రోలియం జెల్లీ వద్దు, రబ్బరునీ అతుకుల జిగురునీ పాడుచేస్తుంది. యూలెక్స్ లాంటి సహజ రబ్బరు సూటైతే మరీను.

మానేయాలా అన్నారు కాబట్టి అది కూడా. నీళ్లు 13 డిగ్రీల సెల్సియస్‌కి దిగితే హుడ్ హాయినిస్తుంది, 10కి దిగితే దాదాపు అందరికీ అవసరమే. ఫిబ్రవరిలో న్యూజెర్సీ తీరంలో నీళ్లు 3 నుంచి 5 డిగ్రీలు ఉంటాయి. హుడ్ లేకుండా నాలుగు డక్ డైవ్‌లు చేస్తే నుదురు పగిలినట్టు నొప్పి వస్తుంది, ఐస్‌క్రీం గబగబా తింటే వచ్చే నొప్పి లాంటిదే, ఇంకా గట్టిగా. ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందన్నది తప్పు, తల వైశాల్యం ఒంటిలో పదోవంతు. కాకపోతే చలికి చేతుల్లో రక్తనాళాలు ముడుచుకున్నట్టు నెత్తి చర్మంలోవి ముడుచుకోవు, అందుకే తల వేడిని వదులుతూనే ఉంటుంది. ఏప్రిల్‌లో ఎండ చూసి హుడ్ ఇంట్లో వదిలేయకండి. గాలి వేడెక్కాక చాలా వారాలకి గానీ సముద్రం వేడెక్కదు. అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా సముద్రంలో తేలించే బోయాలు (కొలిచే పరికరాలు) నీటి ఉష్ణోగ్రత రోజూ ఇస్తాయి, అది చూసి నిర్ణయించుకోండి. రుషికొండలో బోర్డు ఎక్కడం నేర్చుకుని వచ్చినవాళ్లకి ఇదే పెద్ద తేడా. అక్కడ జనవరిలో కూడా నీళ్లు 25 డిగ్రీల దరిదాపు.

ఇంత చేశాక కూడా విడి హుడ్ పడకపోతే, జనవరి నుంచి మార్చి దాకా హుడ్ అతికే వచ్చే సూటు అద్దెకి తీసుకుని ఒకసారి చూడండి. బిబ్ గొడవే ఉండదు, వీపులోకి నీళ్లు దాదాపు ఆగిపోతాయి. దాని ఇబ్బంది వేరు: వేడెక్కి హుడ్‌ని వెనక్కి తోస్తే మెడ వెనక బొక్కెనలా నిండి, అల తగలగానే వెనక్కి గుంజుతుంది. తోసిన హుడ్‌తో అలల మధ్యలోకి వెళ్లకూడదు. సూటు లోపల తొడుక్కునే హుడ్ ఉన్న పల్చటి బనీను కూడా దొరుకుతుంది కానీ మీ కాలరు ఇప్పటికే బిగుతుగా ఉంటే అది ఇంకా నొక్కుతుంది. ముందు చిన్న టోపీ అంచులాంటిది ఉన్న హుడ్‌లు కళ్లలో నీళ్లు పడకుండా కాస్త ఆపుతాయి, పెద్ద అలలో పడ్డప్పుడు మాత్రం ఆ అంచే నీటిని పట్టి తలని వెనక్కి విరుస్తుంది. అంచు లేనిదే తీసుకోమంటాను.

తీయడం: ముందు గ్లవ్స్, తర్వాత జిప్పు, తర్వాత సూటు మెడ. గడ్డం ఛాతీకి ఆనించి, హుడ్‌ని మెడ వెనక నుంచి పట్టుకుని నెత్తి మీదుగా ముందుకి ఒలవండి. గడ్డం దగ్గర నుంచి పైకి లాగితే ముక్కు, కమ్మలు, ఇయర్‌ప్లగ్‌లు అన్నీ దానితోనే వస్తాయి. ఇంటికొచ్చి మంచినీళ్లలో జాడించి, తిరగేసి, నీడలో ఆరబెట్టండి. డ్రయ్యర్‌లో, హీటర్ మీద వేస్తే రబ్బరు బిరుసెక్కుతుంది, బిరుసెక్కిన హుడ్ ఏ సైజైనా మెడ దగ్గర నొక్కేదే.