విరిగిన శిల్పాలు మ్యూజియంలో ఎందుకండీ?

ప్రశ్న: మొన్న అమరావతి మ్యూజియం చూసొచ్చాం. చాలా శిల్పాలు పగిలిపోయి ఉన్నాయి, కొన్నైతే ఉత్త ముక్కలే. ఇంట్లో విగ్రహానికి బీట పడితే రావిచెట్టు కింద పెట్టొస్తాం కదా, మరి వీటిని ఎందుకు దాచడం? పోనీ ఇప్పుడున్న టెక్నాలజీతో అతికించి నిండుగా చేసెయ్యొచ్చు కదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: భిన్నమైన విగ్రహానికి పూజ చెయ్యకూడదనేది నిజమేనండి, కానీ అది పూజ వరకే. మ్యూజియంలో రాయిని మనం చూసేది అది ఏం చెప్తుందా అని, ఆ చెప్పేదాంట్లో విరిగిన అంచుకి కూడా వాటా ఉంది. అమరావతి స్తూపమే తీసుకోండి, ఆ శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీద, బట్టీలో కాలిస్తే సున్నం అయిపోయే రాయి, దాంతో 18వ శతాబ్దం చివర్నుంచీ ఆ దిబ్బని ఇటుకల కోసం, రాళ్ళ కోసం తవ్వుకుపోయారు, ఎన్నో పలకలు సున్నం కింద కాలిపోయాయి. అంతకుముందు ఒకసారి చూసెళ్ళిన బ్రిటిష్ సర్వే అధికారి కల్నల్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి సర్వే చేయించి శిల్పాలకి బొమ్మలు గీయించాడు, వాటిలో కొన్నిటికి ఇప్పుడు ఆ కాగితం తప్ప రాయి లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి మద్రాసు చేరాయి, అక్కణ్ణుంచి 1859లో చాలావరకు లండన్‌కి ఓడెక్కాయి. అందుకే ఒక్క స్తూపం ఈరోజు అమరావతిలో కొంత, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో కొంత, బ్రిటిష్ మ్యూజియంలో కొంత ఉంది. కొత్త రాయితో పూడ్చేసి నున్నగా చేసేస్తే ఈ కథంతా తుడిచేసినట్టే, నాకైతే అది అస్సలు ఇష్టం లేదు.

ఇంకోటి, అతికించడం అంటే ఒక్కోసారి మూసెయ్యడమే. 1880ల్లో మద్రాసు మ్యూజియంలో ఈ పలకల్ని సిమెంటుతో గోడకి బిగించేశారు, ఇక వెనకవైపు చూడ్డం ఎలా? లండన్‌లో ఒక పలక ఉంది, ఒకవైపు స్తూపం, దాని ద్వారం దగ్గర సింహాలు, అంతా కిక్కిరిసిన చెక్కుడు, వెనక్కి తిప్పితే అంతకంటే కొన్ని వందల ఏళ్ళ పాత చెక్కుడు, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించకుండా గుర్తులతోనే చెప్పిన కాలం నాటిది ఆ వైపు. పాత రాయినే తిప్పి మళ్ళీ వాడుకున్నారన్నమాట మనవాళ్ళు. దాన్నీ గోడకి బిగించేసి ఉంటే ఈ సంగతి మనకి తెలిసేదే కాదు.

అలాగని అసలు అతికించరని కాదు, రెండు ముక్కలు నిజంగా కలిస్తే కలుపుతారు, అయితే తర్వాత విడదీయగలిగేలా, కొత్తది ఏదో తెలిసేలా. గ్రీసులో ఈజినా అనే దీవిలోని గుడి శిల్పాలకి 19వ శతాబ్దంలో థోర్వాల్డ్‌సెన్ అనే పెద్ద శిల్పి కొత్త భాగాలు చేసి పెట్టాడు, 1960ల్లో ఆ శిల్పాలున్న జర్మనీలోని మ్యూనిక్ మ్యూజియం వాళ్ళు ఆ కొత్త భాగాల్ని తీసేశారు.

ప్రశ్న: మా పొలం దున్నుతుంటే చెక్కుడు ఉన్న రాతి ముక్క బయటపడింది. ఏం చెయ్యాలి?
– ఒక రైతు, పల్నాడు

జవాబు: ముందు బ్రష్ పెట్టి రుద్దకండి, పసుపు కుంకుమ కూడా పుయ్యకండి, రాతి మీద పాత రంగు గానీ అక్షరాలు గానీ ఉంటే పోతాయి. ఉన్నచోటే ఉంచి, ఎంత లోతులో ఎటు తిరిగి ఉందో తెలిసేలా ఫోటోలు తీసి తహసీల్దార్ ఆఫీసులో గానీ పురావస్తు శాఖలో గానీ చెప్పండి. భూమిలో దొరికిన పాత వస్తువుల గురించి కలెక్టర్‌కి తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. చిన్న ముక్కే కదా అని గట్టు మీద పడెయ్యొద్దు, ఇంకెక్కడో ఉన్న ముక్కకి ఇది జోడీ అయ్యుండొచ్చు.