నీళ్ల సీసా నిండుగానే తిరిగి వస్తోంది

ప్రశ్న: ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో అయిదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి ఈ జూన్‌లో మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరింది. అప్పటినుంచి బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటోంది. ఆదివారం నొప్పి ఉండదు. మంచినీళ్ల సీసా నిండుగానే తిరిగి తెస్తోంది. మార్కులూ తగ్గాయి. వాళ్ల నాన్నగారు సాకులని కోప్పడుతున్నారు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ నొప్పి నిజమేనని ముందుగా మీవారికి చెప్పండి. పిల్లల మనసులోని బెదురు చాలాసార్లు కడుపునొప్పిగానే బయటపడుతుంది. అయిదేళ్లపాటు ఒకరిద్దరు టీచర్ల దగ్గర, అందరూ పేరుపెట్టి పిలిచే బడిలో పెరిగిన పిల్ల ఇప్పుడు గంట కొట్టినప్పుడల్లా మారే ఉపాధ్యాయుల ముందు, నాలుగూళ్ల పిల్లల మధ్య, కొత్తగా మొదలైన హిందీతో సహా అన్నీ ఒకేసారి అలవాటు చేసుకోవలసి వస్తోంది. మార్కుల మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి.

నీళ్ల సీసా సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు కానీ, నాకు అదే ముఖ్యంగా కనిపించింది. మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని రోజంతా నీళ్లు ముట్టని ఆడపిల్లలు ఉంటారు. తలుపుకు గడియ లేకపోవచ్చు, పెద్ద తరగతుల వాళ్లు అక్కడ గుంపుగా నిలబడవచ్చు, పాఠం మధ్యలో లేచి అడగడానికి సిగ్గు కావచ్చు. మూత్రం ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది కనుక ఒకసారి డాక్టరుకు చూపించండి.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే "ఏం లేదు" అనే అంటుంది. జడ వేస్తున్నప్పుడు, ఇంటర్‌వెల్‌లో ఎవరితో ఉంటున్నావని మెల్లగా అడగండి. నెలసరి గురించీ ఈ వయసులోనే, భయం కలగకుండా, మీరే చెప్పాలి. తరువాత బడికి వెళ్లి ఒక టీచరమ్మను కలిసి, అడగగానే బయటికి పంపమని, మీ ఊరి పిల్ల పక్కన కూర్చోబెట్టమని కోరండి. బడి మాత్రం మాన్పించవద్దు. ఇంట్లో ఉండే కొద్దీ బెదురు పెరుగుతుంది. ఎవరైనా వేధిస్తున్నారని తెలిస్తే ప్రధానోపాధ్యాయులకు వెంటనే చెప్పండి, అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయండి.

రెండు మూడు వారాల్లో మార్పు రాకపోయినా, తిండి, నిద్ర తగ్గినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్కసారి అన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

వీలైతే ఒక సాయంత్రం పాత బడి టీచరు దగ్గరికి పంపండి. మీ అమ్మాయి ఎప్పుడు మాట్లాడుతుందో, ఎప్పుడు ముడుచుకుపోతుందో అయిదేళ్లు చూసిన మనిషి ఆమె.