చక్రం పట్టే ముందు: రోడ్డు గుర్తులు, చేతి సైగలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. స్కూటర్ నేర్చుకుందామని ఎల్ఎల్ఆర్ పరీక్షకు వెళ్లాను. నెల రోజులు పుస్తకం చదివినా 20 ప్రశ్నలలో 10 మాత్రమే సరిగా చెప్పి తప్పాను. పోయినవన్నీ గుర్తుల ప్రశ్నలే. బొమ్మలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఈ వయసులో నాకు రాదేమోనని భయంగా ఉంది.
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు ఆగిపోయింది రెండు ప్రశ్నల దూరంలోనే. కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989) ప్రకారం అడిగిన ప్రశ్నలలో 60 శాతానికి సరైన జవాబులు రావాలి. అంటే 20కి 12 వస్తే చాలు. వయసుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీ ఉత్తరం చదివితే నాకు తోచిందేమిటంటే, మీరు బొమ్మలను ఒక్కొక్కటిగా బట్టీ పట్టారు, వాటి చుట్టూ ఉన్న అంచును చూడలేదు. బజారులో దొరికే పుస్తకాలు గుర్తులన్నిటినీ ఒకే పరిమాణంలో, వరుసలు వరుసలుగా, చాలాసార్లు రంగు లేకుండా అచ్చు వేస్తాయి కాబట్టి ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు.

గుర్తును చదివేటప్పుడు ముందు ఆకారం, తర్వాత రంగు, చివరగా లోపలి బొమ్మ చూడాలి. ఎర్ర అంచు ఉన్న గుండ్రటి బోర్డు 'ఇది చేయకూడదు' అని గానీ, 'ఈ హద్దు దాటకూడదు' అని గానీ చెబుతుంది. నీలం రంగు నిండిన గుండ్రటి బోర్డు 'ఇది తప్పక చేయాలి' అంటుంది. ఎర్ర అంచుతో, మొన పైకి ఉన్న త్రికోణం ముందున్న ప్రమాదాన్ని హెచ్చరిస్తుంది. నీలం రంగు పలక పెట్రోలు బంకు, ఆసుపత్రి, భోజనశాల వంటి సమాచారం ఇస్తుంది. గుండ్రటివి ఆదేశాలు, త్రికోణాలు హెచ్చరికలు, పలకలు సమాచారం అన్న ఈ మూడు కుటుంబాలు మనసులో కుదురుకుంటే సగం పరీక్ష గట్టెక్కినట్టే. ఆదేశాలలో రెండు మాత్రం కావాలనే వేరే ఆకారంలో ఉంటాయి. 'ఆగుము' బోర్డుకు ఎనిమిది భుజాలు ఉంటాయి, 'దారి ఇవ్వండి' బోర్డు తలకిందులైన త్రికోణం. మరే గుర్తుకూ ఈ ఆకారాలు లేవు. అందువల్ల రంగు వెలిసిపోయినా, వేపకొమ్మ సగం కప్పేసినా, ఎవరో పెళ్లి పోస్టరు అంటించినా, వెనుక వైపు నుంచి చూసినా వాటిని పోల్చుకోవచ్చు.

ఇప్పుడు కలిసిపోయే గుర్తులను జంటలుగా తీసుకుందాం. హారన్ బొమ్మ రెండు బోర్డుల మీద ఉంటుంది. ఎర్ర అంచులో హారన్ మీద అడ్డగీత ఉంటే అక్కడ హారన్ కొట్టకూడదు. ఆసుపత్రుల దగ్గర అది కనిపిస్తుంది. అదే హారన్ నీలం గుండ్రంలో ఉంటే తప్పనిసరిగా కొట్టాలి. ఎదుటివారు కనిపించని ఘాట్ రోడ్డు మలుపులలో దాని అవసరం తెలుస్తుంది. బొమ్మ ఒక్కటే, అర్థాలు పూర్తిగా విరుద్ధం, తేడా అంతా అంచులోనే ఉంది. అలాగే ఎర్ర అంచులో 50 అని ఉంటే గంటకు 50 కిలోమీటర్లు మించకూడదు, నీలం గుండ్రంలో 50 ఉంటే అంతకన్నా తగ్గకూడదు. ఈ రెండో ప్రశ్నలో చాలామంది తొందరపడి 'గరిష్ఠ వేగం' అని నొక్కేస్తారు. పార్కింగ్ గుర్తులు మాత్రం నేను చెప్పిన సూత్రానికి లొంగవు. వాటి లోపల నీలం ఉన్నా అంచు ఎరుపే, అర్థం నిషేధమే. ఒక్క అడ్డగీత ఉంటే బండి నిలిపి వెళ్లకూడదు. గుణకారం గుర్తులా రెండు గీతలు ఉంటే అసలు అక్కడ ఆగనే కూడదు, మనిషిని దించడానికైనా సరే.

అన్నిటికన్నా ఎక్కువ మంది తప్పేది రైల్వే గేటు గుర్తుల దగ్గర. త్రికోణంలో రైలింజను బొమ్మ చూడగానే 'గేటు ఉంది, కాపలా ఉంది' అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. గేటు బొమ్మ ఉంటే కాపలా ఉన్న గేటు, ఇంజను బొమ్మ ఉంటే కాపలా లేనిది. గేటు ఉన్నచోట గేటునే గీశారు, గేటు లేనిచోట మనకు ఎదురయ్యేది ఇంజనే కాబట్టి దాన్ని గీశారు అనుకుంటే మళ్లీ మరచిపోరు. ఆ త్రికోణం కింద రెండు వాలు పట్టీలు ఉంటే పట్టాలు ఇంకా 200 మీటర్ల దూరంలో ఉన్నాయని, ఒక్క పట్టీ ఉంటే 50 నుంచి 100 మీటర్లలోకి వచ్చేశామని అర్థం. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని గేట్లను 2019 జనవరి నాటికి తొలగించారు. అయినా వాటి దగ్గర తీసుకోవలసిన జాగ్రత్త ఇప్పటికీ పరీక్షాంశమే. బండి ఆపాలి, తోడున్నవారు దిగి పట్టాల దాకా నడిచి, రెండు వైపులా చూసి, రైలు గానీ ట్రాలీ గానీ రావడం లేదని చెప్పిన తర్వాతే దాటాలి. తోడు ఎవరూ లేకపోతే నడిపేవారే దిగి చూడాలి. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెప్పేది ఇదే.

ఇంట్లో సాధనకు ఒక పద్ధతి చెబుతాను, నా దగ్గర నేర్చుకున్న ఎందరికో ఉపయోగపడింది. మీ పిల్లల్లో ఒకరిని గుర్తు లోపలి బొమ్మ మీద బొటనవేలు పెట్టి మూయమనండి. అంచు మాత్రమే చూసి 'వద్దంటోంది', 'చేయమంటోంది', 'జాగ్రత్త అంటోంది' అని మీరు పైకి చెప్పాలి. తర్వాత వేలు తీయమనండి. వారం రోజులు ఇలా చేసి, బస్సులో వెళ్లేటప్పుడు కిటికీ పక్కన కూర్చొని దారిలో కనిపించిన ప్రతి బోర్డునూ మనసులో చదువుకోండి. పరీక్ష తెలుగులోనే రాయవచ్చు, స్లాట్ బుక్ చేసేటప్పుడు భాష సరిచూసుకోండి.

ప్రశ్న: నేను కారు నేర్చుకుంటున్నాను. కారుకు ఇండికేటర్లు చక్కగా పనిచేస్తున్నా, మా మాస్టారు కిటికీ దించి చేతి సైగలు చేయమంటున్నారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు? పరీక్షలో ఇవి నిజంగా అవసరమా?
— ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీ మాస్టారికి నా నమస్కారాలు. చట్టం మాటకొస్తే, 121వ సెక్షన్ ప్రకారం కుడి స్టీరింగ్ ఉన్న వాహనంలో మలుపులకూ, ఆగడానికీ సంకేతాలను విద్యుత్ పరికరంతో ఇవ్వవచ్చు. డ్రైవింగ్ పరీక్ష గురించిన 15వ నియమం కూడా చేతితోనైనా, ఇండికేటర్‌తోనైనా సంకేతం తగిన సమయంలో, స్పష్టంగా, పొరబడడానికి వీలు లేకుండా ఇవ్వాలని చెబుతుంది. కాబట్టి ఇండికేటర్ వేసినందుకు ఎవరూ మిమ్మల్ని తప్పించరు. కానీ ఎల్ఎల్ఆర్ పరీక్షలో చేతి సైగల బొమ్మలు వస్తాయి, బల్బు ఏ రోజు ఆరిపోతుందో తెలియదు, మిట్టమధ్యాహ్నపు ఎండలో పాత బండి ఇండికేటర్ వెలుగుతున్నదీ లేనిదీ వెనుకవారికి ఆనదు. పైగా 'వేగం తగ్గిస్తున్నాను', 'మీరు నన్ను దాటి వెళ్లవచ్చు' అన్న రెండు మాటలకు ఏ ఇండికేటరూ లేదు. బ్రేకు దీపం బ్రేకు తొక్కాక గానీ వెలగదు, చేయి అంతకు ముందే చెబుతుంది.

సైగలు అయిదూ కుడి చేతితోనే చేయాలి. వేగం తగ్గించేటప్పుడు చేతిని బయటికి చాచి, అరచేయి నేల వైపు పెట్టి, నెమ్మదిగా కిందికీ పైకీ కొన్నిసార్లు ఆడించాలి. ఏడుస్తున్న పసివాడి వీపు నిమిరేటప్పుడు చేయి ఎంత నిదానంగా కదులుతుందో అంత నిదానంగా. ఆగబోయేటప్పుడు మోచేయి వంచి, ముంజేతిని నిటారుగా పైకెత్తి, అరచేయి కుడి వైపుకు చూపాలి. కుడికి తిరిగేటప్పుడు గానీ, ముందు బండిని దాటడానికి కుడికి జరిగేటప్పుడు గానీ చేతిని భుజం ఎత్తున తిన్నగా చాచి, అరచేయి ముందుకు తిప్పి నిలపాలి. ఎడమకు తిరిగేటప్పుడు చాచిన చేతిని గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశలో గుండ్రంగా తిప్పాలి. వెనుకవారికి దారి ఇచ్చేటప్పుడు చాచిన చేతిని వెనుక నుంచి ముందుకు అర్ధవృత్తంలా ఊపాలి. చివరి రెండిటికీ చేయి కదులుతుంది కాబట్టి నేర్చుకునేవారు వీటినే తారుమారు చేస్తారు. ఎడమ మలుపుకు చేయి పూర్తి సున్నా చుడుతుంది, దారి ఇచ్చేటప్పుడు సగం సున్నాతో ఆగుతుంది.

చేయి మోచేతి దాకా కాకుండా పూర్తిగా బయటికి రావాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒక కుర్రవాడు మోచేయి కిటికీ మీద ఆనించి, వేళ్లతో తలుపు మీద తాళం వేస్తూ నడుపుతున్నాడు. నేనూ అంతగా పట్టించుకోలేదు. వెనుక వస్తున్న మోటార్‌సైకిల్ అతను ఆ వేళ్ల కదలికను 'వెళ్లు' అనుకొని కుడి పక్కకు వచ్చేశాడు. సరిగ్గా అప్పుడే మా కుర్రవాడు కుడికి తిప్పబోయాడు. పక్క సీటు కింద ఉన్న బ్రేకు నేను తొక్కబట్టి అద్దం విరగడంతో పోయింది. ఆ తప్పు కుర్రవాడి కన్నా నాది. ఆ రోజు నుంచి నా బండిలో చేయి ఉంటే స్టీరింగ్ మీద ఉండాలి, లేదా స్పష్టమైన సైగలో ఉండాలి, కిటికీ మీద విశ్రాంతికి మాత్రం చోటు లేదు.

వరుస కూడా ముఖ్యమే. ముందు అద్దంలో చూడాలి, తర్వాత సైగ చేయాలి, చేయి లోపలికి తెచ్చి రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నాకే బండి తిప్పాలి. ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకొని, ఎడమ చేత్తో అన్నం పళ్లెం స్టీరింగ్‌లా పట్టుకొని, కుడి చేత్తో సైగలు చేసి చూడండి. మొదట్లో కుడి చేయి కదిలినప్పుడల్లా ఎడమ చేతిలో పళ్లెం కూడా ఒరుగుతుంది. అది ఒరగకుండా నిలిచిన రోజున రోడ్డు మీద బండి కూడా పక్కకు లాగదు.

ద్విచక్ర వాహనం నేర్చుకునేవారు మరో సంగతి గమనించాలి, తెనాలి సోదరికి కూడా ఇది పనికివస్తుంది. యాక్సిలరేటరూ ముందు బ్రేకూ కుడి చేతి దగ్గరే ఉంటాయి కాబట్టి, సైగ కోసం ఆ చేయి తీయగానే బండి తనంతట తానే మందగిస్తుంది, ముందు బ్రేకు కూడా అందదు. అందుకని మలుపుకు చాలా ముందే వేగం తగ్గించుకొని, రోడ్డు తిన్నగా, గతుకులు లేకుండా ఉన్నచోట సైగ చేసి, చేయి తిరిగి హ్యాండిల్ మీదికి వచ్చాకే వంపు తిరగాలి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో డ్రైవింగ్ నేర్చుకుంది. సెలవులకు వచ్చి నాకు సైగలు చెబుతూ, చేయి పైకెత్తితే కుడికి తిరుగుతున్నట్టు అంటోంది. మా పుస్తకంలో అది ఆగడానికి అని ఉంది. ఎవరిది సరైనది?
— ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అయ్యా, ఇద్దరిదీ సరైనదే, ఎవరి దేశంలో వారిది. అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది కనుక సైగలన్నీ ఎడమ చేతితో చేస్తారు. చేయి తిన్నగా చాచితే ఎడమ మలుపు, మోచేయి వంచి పైకెత్తితే కుడి మలుపు, కిందికి వంచితే ఆగడం లేదా వేగం తగ్గించడం. మన దగ్గర ముంజేయి పైకెత్తితే ఆగబోతున్నామనే అర్థం. అక్కడి హెచ్చరిక బోర్డులు కూడా మన త్రికోణాలలా కాక, కోణం మీద నిలబెట్టిన పసుపు చతురస్రాలు. ఎనిమిది భుజాల ఆగుము బోర్డు, తలకిందుల త్రికోణం మాత్రం రెండు చోట్లా ఒకటే. మీ అమ్మాయి ఇక్కడ బండి నడపాలనుకుంటే, చాచిన చేతిని గుండ్రంగా తిప్పే మన ఎడమ మలుపు సైగను మీరే ఆమెకు నేర్పండి, అది అక్కడి పాఠంలో లేదు.

ప్రశ్న: ఎర్రదీపం వెలుగుతుండగా ట్రాఫిక్ పోలీసు రమ్మని చేయి ఊపితే వెళ్లాలా, ఆగాలా? ఎర్రదీపం ఉన్నా ఎడమకు తిరగవచ్చని మా స్నేహితులు అంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కూడలిలో యూనిఫాంలో ఉన్న పోలీసు దారి నడిపిస్తున్నప్పుడు ఆయన సైగే దీపం కన్నా మిన్న. ఆయన రమ్మంటే, అడ్డంగా ఎవరూ రావడం లేదని చూసుకొని వెళ్లండి. ఆయన కుడి చేయి పైకెత్తి అరచేయి చూపితే ఎదురుగా ఉన్నవారు ఆగాలి, ఎడమ చేయి పక్కకు చాచితే ఆయన వెనుక నుంచి వచ్చేవారు ఆగాలి, రెండూ ఒకేసారి చేస్తే రెండు వైపులా ఆగాలి. రెండో ప్రశ్నకు జవాబు: అక్కడ 'ఫ్రీ లెఫ్ట్' అని బోర్డు గానీ, ఎడమకు పచ్చ బాణం గానీ ఉంటేనే తిరగవచ్చు, లేకపోతే ఎడమకు తిరిగేవారు కూడా స్టాప్ లైన్ వెనుకే ఆగాలి. ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట కూడా జీబ్రా గీతల మీద నడిచేవారు ఉంటే ముందు వారిని దాటనివ్వండి.